తెరకు దారి, దారికి తోడు

హైదరాబాదు నుండి చేవెళ్లకు పోవు బాటలో, ఒకవైపు హిమాయత్‌సాగరును మరియొకవైపు గండిపేట చెరువును పెట్టుకొని, ఆ రెండు జలాశయముల నడుమ ఒదిగియున్న ఊరు అజీజ్‌నగర్. చిలుకూరు బాలాజీకి మొక్కు చెల్లింపబోవువారు బాట మలుపు తిరుగునది ఈ ప్రాంతముననే. ఇచ్చటినుండి మొయినాబాదు, చేవెళ్ల దాటి మన్నెగూడ వరకును బాట కిరువైపుల ఊడలు దించుకొని నిలిచిన మర్రిచెట్లు ఎన్ని తరముల బాటసారులను చూచినవో లెక్కలేదు. ఒకనాటి ఉదయమున ఆ కూడలిలో మెహదీపట్నం బస్సుకై నేను నిలుచుండగా, నా ప్రక్కనే ఒక తల్లియు, పదునెనిమిది పందొమ్మిదేండ్ల ఆమె కూతురును నిలుచుండిరి. పిల్ల చేతిలో ఒక ఖాకీరంగు కవరు, అందులో ఫొటోలు. ఎదురుగా చూచునది ఒకటి, ప్రక్కకు తిరిగినది ఒకటి, నిలువెత్తుది ఒకటి. అంచులు నలుగకుండ వానిని ఒక అట్టముక్కకు ఆనించి మరల మరల సర్దుకొనుచుండెను. హైదరాబాదు కృష్ణానగర్‌లో ఎవరో సినిమాలలోని చిన్న వేషములకు పిల్లలను చూచుచున్నారట. తల్లి ఆనాటి కూలి మానుకొని బయలుదేరినదట. నేనేమియు అడుగకమునుపే ఆమె, “ఒక్కదాన్నెట్ల పంపుతం సారూ? తోడుండాలె గద!” అనెను.

ఆ చివరి మాట నన్ను బస్సులో వదలలేదు. తెలుగు తెరమీది స్త్రీల కథను వేషముల కథగా, పాటల కథగా, కీర్తి కథగా పలువురు వ్రాసిరి. దానినే తోడు కథగా చదివినచో, తొలినాటి నటీమణుల కష్టములలో మనకు కనబడక పోయినవి కొన్ని కనబడును. వేషము దొరకుట కష్టమే. కాని వేషము దొరకిన చోటికి వెళ్ళి, పని చేసి, మర్యాదతో ఇల్లు చేరుట అంతకంటె కష్టముగా ఉండెను. ఎవరి వెంట ఎవరు వెళ్ళిరి, ఆ వెళ్ళినవారు తోడుగా నిలిచిరా కాపలాగా నిలిచిరా, తోడు తొలగిన దినమున ఆమె గతి ఏమయ్యెను అను ప్రశ్నలే ఈ చరిత్రకు తాళపుచెవులు.

ఈ నేలకు సినిమా నిన్నమొన్న వచ్చిన చుట్టము కాదు. 1908 నాటి మూసీ వరద నగరమును ముంచిపోయిన తరువాత, మరల అట్టి విపత్తు రాకుండుటకై నిజాము ప్రభుత్వము తలపెట్టిన జలాశయములలో గండిపేట 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియయ్యెను. ఈ రెంటి నడిమి కాలముననే, 1922లో, ధీరేంద్రనాథ్ గంగూలీ అను వంగదేశీయుడు హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీని నెలకొల్పి మూగచిత్రములు తీయసాగెను. రెండేండ్లు గడచినవో లేదో, ఆయన ‘రజియా బేగం’ అను చిత్రమును తన ప్రదర్శనశాలలో ఆడించెను. ముసల్మాను రాణికిని హిందువునకును ప్రేమ కల్పించిన ఆ కథ ప్రభువుల ఆగ్రహమునకు గురియై, ఆయన రాజ్యము విడిచిపోవలసి వచ్చెను. ఆయనతోపాటే ఆ కంపెనీయు పోయెను. తెరమీది రాణి ప్రేమకే ఊరు విడువవలసి వచ్చిన చోట, ఊరిలోని పిల్ల తెర కెక్కెదనన్నచో ఏమగునో ఊహించుకొనవచ్చును. అటుపిమ్మట చాలకాలము వరకు తెలుగు పిల్లకు సినిమా యనగా రైలు ప్రయాణమే: బొంబాయి, కలకత్తా, మద్రాసు.

స్త్రీ వేషమును స్త్రీయే వేయవలెనను మాట యైనను తొలుత లేదు. 1913లో దాదాసాహెబు ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ తీసినపుడు తారామతి వేషమునకు స్త్రీ దొరకక, ఒక హోటలులో పనిచేయుచున్న సాలుంకే అను యువకునికి చీర కట్టించెను. అదే సంవత్సరము ‘మోహినీ భస్మాసుర’లో దుర్గాబాయి కామత్, ఆమె కుమార్తె కమలాబాయి నటించుటతో ఆ కొరత తీరుట మొదలయ్యెను. గమనింపుడు: ఈ దేశమున వెండితెర కెక్కిన మొదటి స్త్రీలు ఒంటరిగా రాలేదు, తల్లియు కూతురును కలిసియే వచ్చిరి. మన రఘుపతి వెంకయ్యనాయుడు మద్రాసులో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ స్టూడియో కట్టగా, ఆయన కుమారుడు ప్రకాష్ ‘భీష్మప్రతిజ్ఞ’ తీసిన కాలమున, గంగాదేవి వేషము వేయుటకు తెలుగు ఇల్లాలు ముందుకు రాలేదు. పెగ్గీ కాస్టెల్లో అను ఆంగ్లో ఇండియను యువతి గంగమ్మ అయ్యెను. మూగచిత్రము గనుక భాష అడ్డు రాలేదు.

మాట వచ్చినతోడనే ఆ వెసులుబాటు పోయెను. తెలుగు పలుకవలెను, తెలుగు పద్యము పాడవలెను, ముఖము తెరనిండ కనబడవలెను. నాటకరంగమున స్థానం నరసింహారావుగారు సత్యభామగాను చిత్రాంగిగాను నిలిచినపుడు ప్రేక్షకులు మగవాడను మాట మరచిరి. అయితే నాటకశాలలో ప్రేక్షకునికిని నటునికిని నడుమ ఇరువది ముప్పది అడుగుల దూరము, దీపపు వెలుతురు తోడ్పడెను. కెమెరా కన్ను ఆ దూరమును చెరిపివేసెను. గడ్డపు నీడను గంధము పూసి దాచుట దానిముందు చెల్లదు. సమాజమేమో కులస్త్రీ తెర కెక్కరాదనుచుండెను, యంత్రమేమో స్త్రీ లేనిదే పని సాగదనుచుండెను. ఈ రెంటి నడుమ ఏర్పడిన ఇరుకు సందులోనుండియే మన తొలి నటీమణులు దూరి రావలసి వచ్చెను.

ఆ సందులో మొదట అడుగుపెట్టినది సురభి కమలాబాయి. 1885లో కడప మండలపు సురభి గ్రామమున ‘కీచకవధ’తో వనారస కుటుంబము ఆరంభించిన నాటక సమాజములో ఇంటి ఆడువారే ఆడువేషములు వేయుట ఆచారము, భర్త రాజైనచో భార్య రాణి, అత్తగారు రాజమాత, పసిపాప లవుడో కుశుడో. కమలాబాయి రంగస్థలము మీదనే పుట్టినదని నాటకములవారు నేటికిని చెప్పుకొందురు. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున ‘భక్త ప్రహ్లాద’ తలపెట్టినపుడు సురభివారిని బొంబాయి రప్పించి, అర్దేషిర్ ఇరానీ స్టూడియోలో ఆ చిత్రమును తీసిరి. 1932 ఫిబ్రవరి 6న విడుదలయైన ఆ మొదటి తెలుగు టాకీలో లీలావతి కమలాబాయి. ఆ వెంటనే ‘పాదుకా పట్టాభిషేకము’లో సీత, ‘శకుంతల’లో శకుంతల. ఆమెకు తోడు వెదకుకొను అవసరము కలుగలేదు. తోడు ఆమె ఇంటిపేరులోనే ఉండెను. సమాజమంతయు ఒక కుటుంబముగా కదలివచ్చినందున, ఆమెను ఒంటరిదానినిగా చూచుటకు ఎవరికిని తావు లేకపోయెను.

అట్టి సమాజము లేని స్త్రీల సంగతి వేరు. నాటకములకును గ్రామఫోను రికార్డులకును సినిమాకును తొలినాళ్ళలో వచ్చిన గాయనీ నటీమణులలో అనేకులు కళావంతుల ఇండ్లనుండి వచ్చినవారు. వీరేశలింగముగారి కాలమునుండి సాగిన భోగముమేళ వ్యతిరేకోద్యమము పెండ్లిపందిళ్ళలో ఆటపాటలను మాన్పించెను. 1947లో మద్రాసు శాసనసభ దేవదాసీ అంకితమును చట్టముచే నిషేధించెను. ఆచారములోని అన్యాయము తొలగవలసినదే, సందేహము లేదు. కాని ఆ ఇండ్లలోని స్త్రీలకు తరతరములుగా అబ్బిన సంగీతము, అభినయము, సాహిత్యము ఏ బజారున అమ్ముడు పోవలెనో సంస్కర్తలు చెప్పలేదు. నాటకపు కంట్రాక్టరు చెప్పెను. రికార్డుల కంపెనీ చెప్పెను. తరువాత సినిమా కంపెనీ చెప్పెను. వారివెంట తల్లులు వచ్చిరి. జీతము మాటాడునది తల్లి, అడ్వాన్సు మూట కట్టునది తల్లి, రాత్రి షూటింగు ముగియువరకు స్టూడియో గోడవారగా కూర్చుండి కునుకుపాట్లు పడునది తల్లి. లోకము ఆ తల్లిని చూచి డబ్బు మనిషియని నవ్వెను. చదువులేని ఆ తల్లి చేసిన పని యేమన, నేటి దినమున వకీలు, లెక్కలు చూచువాడు, కావలివాడు ముగ్గురు కలిసి చేయునది.

ఆనాటి నటీమణులు కేవలము పిలుపునకు ఎదురుచూచుచు కూర్చుండలేదనుటకు దాసరి కోటిరత్నమే సాక్షి. పురుషవేషములను కూడ ధరించి మెప్పించి, సొంత నాటక సమాజమును నడపిన ఆమె, 1935లో ‘సతీ సక్కుబాయి’ చిత్రమును తీసి తెలుగులో తొలి మహిళా నిర్మాతగా పేరొందెను. తోడు కొరకు వెదకుటకు మారుగా పదిమందికి తానే తోడై నిలిచిన మనిషి ఆమె.

ఇక స్టూడియోలోని పనిని కొంచెము దగ్గరనుండి చూతము. నేపథ్యగానము ఇంకను రాని కాలమది. తెలుగులో ఆ పద్ధతి కుదురుకొన్నది 1940 తరువాతనే. నటి తన పాటను తానే, కెమెరా తిరుగుచుండగనే, నటించుచు పాడవలెను. బొమ్మయు ధ్వనియు ఒక్కమారే పట్టవలెను గనుక, హార్మోనియము, తబలా వాయించువారు కెమెరాకు కనబడని మూలలలోనో, చెట్టు చాటుననో నక్కి కూర్చుందురు. మైకు పూలకుండీలోనో గుడిస్తంభము వెనుకనో దాగియుండును. ఆమె దానికి దూరము జరిగినచో గొంతు పోవును, దగ్గరకు వంగినచో ముఖము నీడలో పడును. నెత్తిమీద దీపముల సెగకు ముఖమునకు పూసిన రంగు కరగి కంటిలోనికి జారును. తుడుచుకొనరాదు, దగ్గరాదు. చరణము చివర తబలావాని వ్రేలు తప్పినను, బయట రైలు కూసినను పాటంతయు మొదటికి వచ్చును. ఇరానీ తన టాకీ ‘ఆలమ్ ఆరా’ను పట్టాల చప్పుడుకు జడిసి, రైళ్ళు తిరుగని అపరాత్రివేళల తీయించినది లోకవిదితమే. ఒకపూట పాడి ఇంటికి పోవు సభాగాయని కాదు ఈమె. ఒకే పాటను ఒకే రాత్రి పదిమారులు, పదవమారు మొదటిమారంత నవ్వుచు పాడవలసినది. అపరాత్రి ఆ పని ముగిసిన పిమ్మట పరాయి ఊరిలో ఆమె బసకు చేరుటెట్లు అనునది కంపెనీ లెక్కలో లేని ప్రశ్న.

కంపెనీలు తెలుగునేలకు రాలేదని కాదు. 1936లో రాజమహేంద్రవరమున దుర్గా సినీటోను వెలసెను. కాని పెట్టుబడియు నిపుణులును మద్రాసున కూడియుండుటచేత పరిశ్రమ అచ్చటనే వేళ్ళూనెను. కలకత్తాలోని ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీయు మన చిత్రములను తీయుచుండెను. ఆ కలకత్తాకే ఒంగోలు దగ్గరి దొడ్డవరము పిల్ల భానుమతి, పదుమూడు పదునాలుగేండ్ల ప్రాయమున, సి. పుల్లయ్యగారి ‘వరవిక్రయము’లో కాళింది వేషము వేయుటకు వెళ్ళెను. వెంట తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు. సంగీతప్రియుడైన ఆ తండ్రి, తన బిడ్డను నటులెవ్వరును తాకరాదను షరతు పెట్టెను. 1939లో వచ్చిన ఆ చిత్రపు కథ యేమన, కట్నమిచ్చి వరుని కొనుటను సహింపలేక కాళింది ప్రాణము తీసికొనుట. తెరమీద ఆడపిల్ల బేరసారములను నిరసించుచున్న చోటనే, తెర వెనుక ఒక తండ్రి తన పిల్ల చుట్టు గిరి గీయుచుండెను. ఆ గిరిని చూచి నేడు మనము నవ్వవచ్చును. అయినను నటి శరీరమునకు ఒక హద్దు కలదనియు, దానిని పని మొదలిడక మునుపే నోటితో చెప్పి ఒప్పించుకొనవలెననియు పట్టుబట్టిన తొలి వారిలో ఆయన ఒకడు. ఆ పట్టుదల కూతురికి వారసత్వముగా వచ్చెను. తరువాతి కాలమున ఆమె గాయని, రచయిత్రి, దర్శకురాలు, స్టూడియో యజమానురాలు అయ్యెను. తండ్రి గీసిన గిరిని ఆమె తన సొంత గోడగా కట్టుకొనెను.

గోడ లేనివారి సంగతికి కాంచనమాల నిదర్శనము. 1938లో గూడవల్లి రామబ్రహ్మము తీసిన ‘మాలపిల్ల’లో నాయికగా ఆమె ఆంధ్రదేశమంతట మారుమ్రోగెను, అదే యేట ‘గృహలక్ష్మి’, పిమ్మట ‘వందేమాతరము’, ‘ఇల్లాలు’. 1942లో జెమినీవారి ‘బాలనాగమ్మ’ వచ్చునప్పటికి ఆమె ముఖమును ఎరుగని తెలుగువాడు లేడు. ఆ సంస్థతో ఒప్పందము విషయమున తలయెత్తిన తగవు ఆమె చిత్రజీవితమునకు అడ్డుకట్ట యయ్యెనని చలనచిత్ర చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. తారను ఒక కంపెనీకి కట్టివేయు ఒప్పందములు ఆ రోజులలో సామాన్యము. సంతకము చేయువేళ అవి భద్రతవలె కనబడును, విడిపోవువేళ సంకెల వలె. భర్త వియోగము, మనోవ్యాధి తోడైనవి. కాలక్రమమున ప్రజలామెను మరచిరి, ఆమె లోకమును మరచెను. లక్షలమంది అభిమానించుట ఒకటి, ఒక కాగితమును చదివి చెప్పు మనిషి ప్రక్కన ఉండుట వేరొకటి.

సావిత్రి కథ అందరును ఎరిగినదే గనుక దాని ఆరంభమును మాత్రమే తలచెదను. చిర్రావూరులో పుట్టి, విజయవాడలో నాటకములాడిన ఆ పిల్లను పెదనాన్న కొమ్మారెడ్డి వెంకటరామయ్య మద్రాసునకు తీసికొనిపోయెను. ఒకచోట మరీ చిన్నపిల్ల యనిరి. 1950 నాటి ‘సంసారం’లో నాయిక వేషము చేతికి వచ్చియు, కెమెరా ముందు మాట తడబడి, లక్ష్మీరాజ్యమునకు పోయెను, ఈమెకు మిగిలినది లిప్తపాటు కనబడు చిన్న వేషము. ‘పాతాళభైరవి’లో ఒక నృత్యము. ఆ చిత్రముననే కథానాయకుడు తోటరాముని తల్లిగా మన లీలావతి, సురభి కమలాబాయి, నటించెను. మొదటి టాకీ నాయికయు, రాబోవు మహానటియు ఒకే చిత్రమున చెరియొక మూల నిలిచినారన్నమాట. 1955లో విడుదలయైన ‘మిస్సమ్మ’ కొంత చిత్రీకరణమైన తరువాత భానుమతి తప్పుకొనగా, ఆ వేషము సావిత్రికి వచ్చెను. కాదని లేచిపోగల స్థైర్యము ఒకరిది, దొరకినదానిని బంగారము చేసికొన్న ప్రతిభ మరియొకరిది. ప్రతిభ వలన కీర్తి వచ్చును. కాదనగల బలము వలన కీర్తి నిలుచును. సావిత్రి చివరి సంవత్సరములను తలచుకొన్నపుడు ఈ భేదము మనసున ముల్లువలె గ్రుచ్చుకొనును.

కాంచనమాల కన్నుమూసినది 1981లో. సావిత్రి కన్నుమూసినదియు ఆ సంవత్సరముననే. సినీ కార్మికునితో వ్రాతపూర్వకమైన ఒప్పందము లేనిదే పని చేయించుకొనరాదను శాసనమును పార్లమెంటు చేసినదియు 1981లోనే. అది పెద్ద తారల కొరకు కాక కొద్ది జీతగాండ్ర కొరకు వచ్చినది. అయినను, పని యనగా కాగితము, కాగితమనగా హక్కు అను భావము చిత్రసీమకు అప్పటికి గాని తెలియరాలేదు. పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించు చట్టము 2013లో వచ్చెను. పదిమందికి తక్కువ కాకుండ పనివారున్న ప్రతిచోటను ఫిర్యాదులు వినుటకు ఒక సంఘముండవలెననియు, అంతకు తక్కువమంది ఉన్నచో, లేక ఫిర్యాదు యజమానిమీదనే యైనచో, జిల్లా స్థాయి సంఘమును ఆశ్రయింపవచ్చుననియు ఆ చట్టము చెప్పుచున్నది. తల్లి గోడవారగా కూర్చుండి చేసిన పనిని, తండ్రి నోటిమాటతో చేసిన పనిని, ఇక చట్టము చేయవలెను. దాని సంగతి తెలిసిన పిల్లలెందరు, దానిని అమలు చేయు కంపెనీలెన్ని అనునదే మిగిలిన ప్రశ్న.

ఇంతవరకు చెప్పినవారందరును పేరు దక్కినవారు. వారి వెనుక, మద్రాసు స్టేషనులో రైలు దిగి, కోడంబాకము వీధులలో ఫొటోలు పట్టుకొని తిరిగి, గుంపులో ఒక తలగా నిలిచి, ఆ తలయు ఎడిటరు కత్తెరకు పోగా, ఊరికి తిరిగి పోలేక అచ్చటనే వయసు కరిగిపోయిన స్త్రీలెందరో కలరు. వారి పేర్లు ఏ టైటిలు కార్డునందును లేవు. తోడు లేక వెళ్ళినవారి కథ చెప్పువారును ఉండరు.

పరిశ్రమ తరువాత హైదరాబాదునకు తరలి వచ్చెను. అమీరుపేటలో సారథి స్టూడియో వెలసి, జమున నాయికగా ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో ఆ నగరముననే రూపొందెను. అజీజ్‌నగర్ పిల్లకు ఇప్పుడు బొంబాయి రైలు అక్కరలేదు, కలకత్తా చలి అక్కరలేదు. గంటసేపు బస్సు ప్రయాణము చాలును.

ఆనాటి బస్సు వచ్చినపుడు తల్లియే ముందెక్కి కిటికీ ప్రక్క చోటు పట్టి కూతురిని కూర్చుండబెట్టెను. కండక్టరు వచ్చి ఇద్దరి ఆధారు కార్డులు చూచి, స్త్రీల ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు రెండు చించి ఇచ్చి పోయెను. పిల్ల ఆ టికెట్టును ఫొటోల కవరులోనే భద్రముగా పెట్టుకొనెను. దారికి ఖర్చు లేకపోయెను. తోడుకు మాత్రము ఆనాటికిని ఒక దినపు కూలి ఖర్చయ్యెను.